ఆర్గానిక్ కెమిస్ట్రీ జర్నల్ జాతకం తీయడం ఎలా?

సంక్రాంతి సెలవులు అయ్యాయంటే చాలు, తార్నాక వైపు నేను పనిచేసే లైబ్రరీకి ప్రాజెక్టుల వాళ్లు రావడం మొదలవుతుంది. మొన్న ఒకమ్మాయి వచ్చింది. "సార్, ఆర్గానిక్ కెమిస్ట్రీ జర్నల్ ఒకటి తీసుకుని రిసెర్చ్ ట్రెండ్స్, సైటేషన్ ఇంపాక్ట్ చూడమన్నారు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ రాసుకున్నాను. ఇంకేం రాయాలి?" అంది.

"ఆ నంబర్ ఎలా వచ్చిందమ్మా?"

"జర్నల్ వెబ్‌సైట్‌లోనే ఉంది సార్."

ఆ అమ్మాయిని రెండు మధ్యాహ్నాలు కూర్చోబెట్టి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను. సైటేషన్ అంటే ఒక పేపర్‌ని ఇంకో పేపర్ తన రిఫరెన్సుల్లో చూపించడం. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే జర్నల్‌లోని ఒక్కో పేపర్‌కి సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయో చెప్పే నంబర్. మీరు లైబ్రరీ సైన్స్ డిసర్టేషన్ చేస్తున్నా, కెమిస్ట్రీ పీహెచ్‌డీలో చేరి పేపర్ ఏ జర్నల్‌కి పంపాలో తేల్చుకోలేకపోతున్నా పనికొస్తుంది. ఒక సంగతి ముందే చెప్తాను. లెక్క కట్టడం ఒక పూట పని. డేటా ఏరడానికి మాత్రం మూడు వారాలు పడుతుంది. చాలామంది ఈ రెండింటినీ తారుమారు చేసుకుని చివరి వారంలో టెన్షన్ పడతారు.

1. ముందు ప్రశ్న, ఆ తర్వాతే జర్నల్

"ఈ జర్నల్ ఎలా ఉంది?" అని అడిగితే డేటా జవాబు చెప్పదు. "2005 నుంచి 2024 దాకా ఈ జర్నల్‌లో పల్లాడియం కప్లింగ్ రియాక్షన్ల (ఆ లోహం సాయంతో రెండు మాలిక్యూళ్లని అతికించేవి) వాటా తగ్గిందా? కాంతితో నడిచే రియాక్షన్ల వాటా ఎప్పటి నుంచి పెరిగింది?" అని అడగండి, చెప్తుంది. "హైదరాబాద్ ల్యాబుల నుంచి ఇందులో ఎన్ని పేపర్లు వచ్చాయి, వాటిని ఏ దేశాలవాళ్లు సైట్ చేశారు?" అన్నది ఇంకో మంచి ప్రశ్న. ఇలాంటివి రెండు చాలు. ఐదు రాసుకుంటే ఐదూ సగంలోనే ఆగిపోతాయి.

ఇక జర్నల్. అందరూ జేఓసీ అని పిలిచే జర్నల్ ఆఫ్ ఆర్గానిక్ కెమిస్ట్రీ 1936లో మొదలైంది, అమెరికన్ కెమికల్ సొసైటీది. టెట్రాహెడ్రన్ 1957లో, టెట్రాహెడ్రన్ లెటర్స్ 1959లో వచ్చాయి. ఇవి మహా సముద్రాలు, తొలిసారి ఈత నేర్చుకునేవాళ్లకి వద్దు. నేనైతే బైల్‌స్టైన్ జర్నల్ ఆఫ్ ఆర్గానిక్ కెమిస్ట్రీతో మొదలుపెట్టమంటాను. 2005లో మొదలైంది కాబట్టి తొలి పేపర్ నుంచి చివరి పేపర్ దాకా మొత్తం మీ చేతిలో ఉంటుంది. ఏడాదికి వచ్చే పేపర్లు వందల్లోనే ఉంటాయి. చదివేవాళ్ల దగ్గరా రాసేవాళ్ల దగ్గరా పైసా తీసుకోదు, ఏ పేపరైనా ఇంట్లో కూర్చుని తెరవొచ్చు. మన దేశానిదే కావాలంటే ఇండియన్ జర్నల్ ఆఫ్ కెమిస్ట్రీ సెక్షన్ బి సంచికలు ఉన్నాయి.

జర్నల్ పుట్టుపూర్వోత్తరాలు మాత్రం తప్పకుండా చూడండి. బ్రిటన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ వాళ్ల ఆర్గానిక్ అండ్ బయోమాలిక్యులర్ కెమిస్ట్రీ 2003లో వచ్చింది. అంతకుముందు అదే సొసైటీ నడిపిన పెర్కిన్ ట్రాన్సాక్షన్స్ అనే రెండు జర్నళ్ల స్థానంలో వచ్చింది. 1998లో వచ్చిన యూరోపియన్ జర్నల్ ఆఫ్ ఆర్గానిక్ కెమిస్ట్రీ వెనక కూడా యూరప్‌లోని పాత జర్నళ్లు కలిసిపోయిన కథ ఉంది. ఇది తెలియకుండా గ్రాఫ్ గీస్తే "2003కి ముందు సున్నా, ఆ తర్వాత అద్భుతమైన పెరుగుదల" అని రాసేస్తారు. అక్కడ పెరిగిందేమీ లేదు, ఇంటిపేరు మారిందంతే.

2. డేటా ఎక్కడి నుంచి తేవాలి

పేపర్ల, సైటేషన్ల వివరాలుండే డేటాబేస్‌లలో స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ రెండూ డబ్బు కట్టి వాడేవి. మీ యూనివర్సిటీకి ఏది ఉందో లైబ్రరీలో అడగండి. ఇక్కడ చాలామంది ఒకటి పొరబడుతున్నారు. 2025 జనవరి 1న మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌తో ప్రభుత్వ విద్యాసంస్థలకి 30 మంది పబ్లిషర్ల 13,000 పైచిలుకు జర్నళ్లు అందుతున్నాయి. అది పేపర్లు చదువుకోవడానికి. ఎవరు ఎవర్ని సైట్ చేశారో లెక్క చూపించే డేటాబేస్‌ల సంగతి వేరు, వాటికి చందా విడిగా ఉండాలి.

చందా లేకపోతే బెంగపడకండి. 2022 జనవరిలో వచ్చిన ఓపెన్అలెక్స్ అనే డేటాబేస్ ఉంది. మైక్రోసాఫ్ట్ అకడమిక్ మూతపడ్డాక ఆ ఖాళీలోకి వచ్చింది. జర్నల్, ఏడాది, సంస్థ, దేశం అని వడపోసి ఫైల్ దించుకోవచ్చు. గూగుల్ స్కాలర్ ఒక పేపర్ వెతకడానికి బంగారం లాంటిది గానీ ఒక జర్నల్ మొత్తాన్ని దాంట్లోంచి లాగాలని చూడకండి. థీసిస్‌లు, స్లైడ్లు, ఒకే పేపర్‌కి మూడు కాపీలు, అన్నీ కలిసిపోయి వస్తాయి.

వెతికేటప్పుడు జర్నల్ పేరు టైప్ చేయకండి. "జర్నల్ ఆఫ్ ఆర్గానిక్ కెమిస్ట్రీ" అని కొడితే రష్యన్‌ది, యూరోపియన్‌ది, చైనాది, బైల్‌స్టైన్‌ది అన్నీ దిగుతాయి. ఐఎస్ఎస్ఎన్, అంటే ప్రతి జర్నల్‌కీ ఉండే గుర్తింపు నంబర్‌తో వెతకండి. అదీ రెండుంటాయి, అచ్చుకి ఒకటి, ఆన్‌లైన్‌కి ఒకటి. జేఓసీకి అచ్చు నంబర్ 0022-3263, ఆన్‌లైన్ నంబర్ 1520-6904. రెండూ పెట్టి వెతకండి.

ఫైల్ దిగగానే మూడు పనులు చేయండి. ఏ తేదీన దించారో రాసుకోండి, ఎందుకంటే సైటేషన్ల లెక్క రేపటికి మారిపోతుంది. అసలు ఫైల్‌ని ముట్టుకోకుండా ఒక ఫోల్డర్‌లో పడేసి కాపీ మీద పనిచేయండి. పేపర్ల సంఖ్య జర్నల్ వెబ్‌సైట్‌లోని ఏదో ఒక సంచికతో సరిపోతుందో లేదో లెక్కపెట్టి చూడండి. ఒక డేటాబేస్‌లోంచి పేపర్లు, ఇంకోదాంట్లోంచి సైటేషన్లు తెచ్చి కలిపితే మాత్రం వైవాలో దొరికిపోతారు. ఏది కవర్ చేసే జర్నళ్లు దానివి.

3. ఏరడం

అసలు పని ఇదే. బియ్యం చాటలో పోసుకుని రాళ్లు ఏరినట్టు కూర్చోవాలి.

ముందు పేపర్ రకాలు. సంపాదకీయాలు, సవరణలు, నివాళులు, ఉపసంహరించిన పేపర్లు అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. రిసెర్చ్ పేపర్లు ఒకవైపు, రివ్యూలు ఒకవైపు పెట్టండి. రివ్యూలకి సైటేషన్లు ఎక్కువ వస్తాయి. రెండూ కలిపేస్తే ఒక ఏడాది రివ్యూలు ఎక్కువ వేసిన జర్నల్ ఉన్నట్టుండి గొప్పదైపోయినట్టు కనిపిస్తుంది. తర్వాత డీఓఐ, అంటే ప్రతి పేపర్‌కీ ఉండే గుర్తింపు నంబర్ ఆధారంగా డూప్లికేట్లు తీసేయండి. ఇది పది నిమిషాల పని.

ఇక సంస్థల పేర్లు. మన ఊరి డేటాతో పనిచేస్తే ఓపిక ఎంత కావాలో ఇక్కడే తెలుస్తుంది. తార్నాకలోని ఐఐసీటీ, అంటే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీనే చూడండి. 1944లో సెంట్రల్ లేబొరేటరీస్ అన్న పేరుతో మొదలై, 1956లో రీజినల్ రిసెర్చ్ లేబొరేటరీ అయింది. ఐఐసీటీ అన్న పేరు 1989లో వచ్చింది. కాబట్టి 1970ల, 80ల పేపర్లలో చిరునామా రీజినల్ రిసెర్చ్ లేబొరేటరీ అనే ఉంటుంది. కానీ అదే పేరుతో జోర్హాట్‌లో, జమ్మూలో, భువనేశ్వర్‌లో, భోపాల్‌లో, తిరువనంతపురంలో కూడా ల్యాబులుండేవి. పేరొక్కటే చూసి కలిపేస్తే జోర్హాట్ వాళ్ల పేపర్లు తార్నాకకి వచ్చేస్తాయి. కొత్త పేపర్లలో ముందు సీఎస్ఐఆర్ అని ఒక హైఫన్ చేరింది. ఇంకొన్నింటిలో పూర్తి పేరు, ఇంకొన్నింటిలో కుదించిన పేరు. వీటన్నింటికీ ఎక్సెల్‌లో రెండు కాలమ్‌ల పట్టిక తయారుచేసుకోండి, ఎడమ పక్క దొరికిన పేరు, కుడి పక్క మీరు వాడబోయే పేరు.

పిన్‌కోడ్‌తో తేల్చేద్దామనుకుంటారేమో. 500007 ఐఐసీటీది, ఉస్మానియాది, సీసీఎంబీది కూడా. పిన్‌కోడ్ పోస్ట్‌మ్యాన్‌కి పనికొస్తుంది, మీకు రాదు.

నా సొంత పొరపాటు ఒకటి చెప్తాను. మొదటిసారి ఈ పని చేసినప్పుడు చిరునామాలో "హైదరాబాద్" ఉన్న పేపర్లన్నీ వడపోసి, దేశం కాలమ్ చూడకుండా ముచ్చటగా ఒక టేబుల్ వేశాను. మా పెద్దాయన కళ్లజోడు సవరించుకుని టేబుల్ మీద వేలుపెట్టి, "ఈ జంషోరో ఎక్కడుందయ్యా? మన మేడ్చల్ పక్కనా?" అన్నారు. అది పాకిస్తాన్ సింధ్‌లో ఉంది, అక్కడి హైదరాబాద్ పక్కన. సింధ్ యూనివర్సిటీ వాళ్లని కూడా మనవాళ్లలో కలిపేశానన్నమాట. అప్పటి నుంచి ఊరు కాలమ్, దేశం కాలమ్ కలిపే చూస్తున్నాను.

అన్నింటికంటే కష్టం మనుషుల పేర్లు. మనకి ఇంటిపేరు ముందుంటుంది, అదీ చాలాసార్లు ఒక్క అక్షరమే. డేటాబేస్ ఏమో చివరి మాటే ఇంటిపేరనుకుంటుంది. అందుకని "కె. వెంకటేశ్వరరావు" అనే మనిషి ఒక పేపర్లో "రావు, కె.వి.", ఇంకోదాంట్లో "వెంకటేశ్వరరావు, కె.", మూడోదాంట్లో "కె.వి., రావు" అవుతాడు. ఒక్కడే ముగ్గురు. దీనికి తిరగేసినది కూడా ఉంది. "రెడ్డి, బి." అన్న పేరు కింద ఐదుగురు వేరువేరు మనుషులు ఒక్కరైపోయి, ఆ ఊహా రెడ్డిగారు జర్నల్‌లోకెల్లా ఎక్కువ పేపర్లు రాసిన శాస్త్రవేత్తగా మీ టేబుల్ నెత్తిన కూర్చుంటారు. ఒక్కో రచయితకి ఒక్కో గుర్తింపు నంబర్ ఇచ్చే ఆర్కిడ్ 2012లో వచ్చింది, ఆ నంబర్ ఉంటే గొడవ లేదు. పాత పేపర్లకి అది ఉండదు. అప్పుడు సంస్థ, సహ రచయితలు, రాసిన విషయం మూడూ చూసి చేత్తో కలపాలి. అందర్నీ చేయక్కర్లేదు, మీ టేబుల్‌లోకి వచ్చే పైన ఇరవై, ముప్ఫై పేర్లు శుభ్రం చేస్తే చాలు. మిగతావి చేయలేదని రాసేయండి, ఎవరూ తప్పుపట్టరు.

4. సైటేషన్ల లెక్క

ఈ లెక్కలకీ కెమిస్ట్రీకీ పాత చుట్టరికం. 1927లో గ్రాస్ అనే ఇద్దరు, కాలేజీ లైబ్రరీలు ఏ కెమిస్ట్రీ జర్నళ్లు కొనాలో తేల్చడానికి, అమెరికన్ కెమికల్ సొసైటీ జర్నల్ 1926 సంపుటంలోని రిఫరెన్సులన్నీ కూర్చుని లెక్కపెట్టారు. అంతకు ముందటి ఏడాది లోట్కా, ఎంతమంది ఎన్నేసి పేపర్లు రాస్తారన్న సూత్రాన్ని కెమిస్ట్రీ పేపర్ల సారాంశాలు వేసే కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ సూచికలోని పేర్లు లెక్కపెట్టే తేల్చాడు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వెనకున్న యూజీన్ గార్ఫీల్డ్ చదివింది కెమిస్ట్రీ. ఆయన పీహెచ్‌డీ కూడా రసాయనాల పేర్లని ఫార్ములాలుగా మార్చే పద్ధతి మీదే.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఇలా వస్తుంది. ఒక జర్నల్ 2022లో 300, 2023లో 350 పేపర్లు వేసిందనుకుందాం. మొత్తం 650. ఆ 650కి 2024లో 1,950 సైటేషన్లు వచ్చాయనుకుందాం. 1,950ని 650తో భాగిస్తే 3.0. అదే 2024 ఇంపాక్ట్ ఫ్యాక్టర్. చూడ్డానికి ఇంతే. అయితే కింద భాగించే సంఖ్యలో పేపర్లూ రివ్యూలే ఉంటాయి, పైన మాత్రం సంపాదకీయాలకి వచ్చిన సైటేషన్లు కూడా కలుస్తాయి. స్కోపస్ వాళ్ల సైట్‌స్కోర్ దీనికి భిన్నం. అక్కడ నాలుగేళ్ల పేపర్లకి అదే నాలుగేళ్లలో వచ్చిన సైటేషన్లు చూస్తారు. అందుకే ఒకే జర్నల్‌కి రెండు నంబర్లు కనిపిస్తే ఒకటి తప్పు అనుకోకండి, రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చనూ పోల్చకండి.

ఆర్గానిక్ కెమిస్ట్రీకి ఈ రెండేళ్ల కిటికీ చాలా ఇరుకు అని నా అభిప్రాయం. ఒక సింథసిస్ పద్ధతి అచ్చయ్యాక, ఇంకో ల్యాబ్‌లో ఎవరో దాన్ని వాడి, మాలిక్యూల్ పూర్తి చేసి, పేపర్ రాసి, అది వెలుగు చూసేసరికి రెండేళ్లు గడిచిపోతాయి. 1978లో స్టిల్, కాన్, మిత్రా జేఓసీలో ఒక మూడు పేజీల పేపర్ వేశారు. మిశ్రమంలోని పదార్థాలని విడదీసే సిలికా జెల్ కాలమ్‌ని గాలి ఒత్తిడితో తొందరగా నడిపే పద్ధతి అది. మనం ఫ్లాష్ కాలమ్ అనేది అదే. ఈ ఊళ్లో ఆర్గానిక్ ల్యాబ్ ఏది తలుపు తీసినా లోపల ఎవరో ఒకరు ఆ కాలమ్ దగ్గర టెస్ట్‌ట్యూబులు మారుస్తూ కనిపిస్తారు. అలాంటిదే 1997లో గాట్లీబ్, కాట్లియర్, నూడెల్మన్ వేసిన పేపర్. మాలిక్యూల్ నిర్మాణం తేల్చే ఎన్ఎంఆర్ పరీక్ష తీసినప్పుడు శాంపిల్‌లో మిగిలిపోయిన ఈథైల్ ఎసిటేట్, గ్రీజు లాంటివి ఎక్కడ కనిపిస్తాయో చెప్పే టేబుళ్లు. కొత్త మాలిక్యూల్ లేదు, కొత్త రియాక్షన్ లేదు. అయినా జేఓసీలో బాగా ఎక్కువ సైట్ అయిన పేపర్లలో అదీ ఒకటి. ఆ టేబుల్ జిరాక్స్ గోడకి అంటించుకున్న ల్యాబులు నేనే చాలా చూశాను. అలా గోడమీద రోజూ వాడుతూ పేపర్లో సైట్ చేయనివాళ్లు ఎంతమందో ఏ డేటాబేస్ చెప్పలేదు.

కాబట్టి మీరు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఒక్కటే రాసి వదలకండి. ప్రతి ఏడాది పేపర్లకి, అవి వచ్చిన ఐదేళ్లలోపు ఎన్ని సైటేషన్లు వచ్చాయో చూడండి. 2010 పేపర్‌కి 2015 దాకా, 2015 పేపర్‌కి 2020 దాకా. లేకపోతే పాత పేపర్లు ఎప్పుడూ గెలుస్తాయి, తాతకి మనవడికంటే ఎక్కువ ఏళ్లున్నట్టు.

సగటుని కూడా ఒంటరిగా నమ్మకండి. పది పేపర్లకి సైటేషన్లు ఇలా ఉన్నాయనుకోండి: 0, 0, 1, 1, 2, 2, 3, 4, 7, 180. సగటు 20. కానీ పదింట్లో తొమ్మిదింటికి పది కూడా రాలేదు. మధ్యలో ఉన్న విలువ, అంటే మీడియన్, 2. హెచ్-ఇండెక్స్, అంటే కనీసం ఎన్ని పేపర్లకి అన్నేసి సైటేషన్లున్నాయో చెప్పే అంకె, 3. ఎందుకంటే మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ సైటేషన్లున్న పేపర్లు నాలుగున్నా, నాలుగు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నవి మూడే. జర్నళ్లన్నీ దాదాపు ఈ పద్ధతిలోనే ఉంటాయి. మీ టేబుల్‌లో సగటు, మీడియన్, ఒక్క సైటేషన్ కూడా రాని పేపర్ల శాతం, మూడూ పక్కపక్కన పెట్టండి. జర్నల్ తనని తాను ఎంత సైట్ చేసుకుంటోందో కూడా ఒక వరుస వేయండి.

మన డిసర్టేషన్లలో ఒక అలవాటుంది. రిలేటివ్ గ్రోత్ రేట్, డబ్లింగ్ టైమ్, డిగ్రీ ఆఫ్ కొలాబరేషన్ అంటూ సీనియర్ల దగ్గర దొరికిన ఫార్ములాలన్నీ వేసేయడం. డిగ్రీ ఆఫ్ కొలాబరేషన్ అంటే మొత్తం పేపర్లలో ఒకరికంటే ఎక్కువమంది రాసినవి ఎన్ని అన్నదే. ఈరోజుల్లో ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఒక్కరే రాసే పేపర్ ఎక్కడుంది? ఫ్లాస్క్ పట్టుకునేవాళ్లు ఒకరు, క్రిస్టల్ స్ట్రక్చర్ చూసేవాళ్లు ఒకరు, గైడ్ ఒకరు. ఏ ఏడాది చూసినా ఆ విలువ 1 దగ్గరే తచ్చాడుతుంది. రెండు పేజీలు నిండుతాయి తప్ప ఏమీ తెలియదు. బదులుగా విదేశీ సహ రచయితలున్న పేపర్ల శాతం చూడండి, అందులో కథ ఉంటుంది.

5. ట్రెండ్ పట్టుకోవడం

వోస్‌వ్యూయర్ అని నెదర్లాండ్స్‌లోని లైడెన్ యూనివర్సిటీ వాళ్ల సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం. ఏ మాటలు ఏ మాటలతో కలిసి వస్తున్నాయో బుడగల పటం గీసి ఇస్తుంది. ఇంకా ఎక్కువ కావాలంటే బిబ్లియోషైనీ ఉంది, ఇటలీవాళ్లు చేసింది, అదీ ఉచితమే.

ఫైల్ ఎక్కించి నేరుగా పటం గీయకండి. గీస్తే మధ్యలో "సింథసిస్", "రియాక్షన్", "డెరివేటివ్స్" అని మూడు పెద్ద గుమ్మడికాయలు వస్తాయి. ఆర్గానిక్ కెమిస్ట్రీ జర్నల్‌లో సింథసిస్ ఉందని చెప్పడానికి సాఫ్ట్‌వేర్ ఎందుకు? అలాంటి మాటలు తీసేయండి. తర్వాత ఒకే అర్థం ఉన్నవి కలపండి. సుజుకి కప్లింగ్, సుజుకి-మియౌరా రియాక్షన్, సుజుకి క్రాస్ కప్లింగ్ మూడూ ఒకటే. సీ-హెచ్ యాక్టివేషన్ అన్నది ఇంకా చికాకు. మధ్యలో గీత ఒక పేపర్లో పొట్టిది, ఇంకోదాంట్లో పొడుగుది, సాఫ్ట్‌వేర్‌కి అవి రెండు వేరే మాటలు. దానికి థెసారస్ ఫైల్ అని పెట్టుకోవచ్చు, సంస్థల పేర్లకి చేసుకున్న పట్టిక లాంటిదే. రచయితలు కీవర్డ్స్ ఇవ్వని జర్నల్ అయితే టైటిల్, అబ్‌స్ట్రాక్ట్‌లోంచి మాటలు తీసుకోండి.

పటం కంటే నాకు నమ్మకమైనది మామూలు గ్రాఫ్. ఇరవై ఏళ్లని ఐదేసి ఏళ్ల నాలుగు ముక్కలు చేయండి. ఒక్కో ముక్కలో వంద పేపర్లకి ఎన్నింటిలో ఆ విషయం వచ్చిందో వేయండి. వందకి ఎన్ని అన్నది ముఖ్యం. జర్నల్ పేపర్ల సంఖ్యే రెట్టింపైతే ఏ విషయమైనా పెరిగినట్టే కనిపిస్తుంది.

ఏం వెతకాలో కెమిస్ట్రీ తెలిసినవాళ్లని అడగండి. పల్లాడియం కప్లింగ్‌లకి హెక్, నెగిషి, సుజుకిలకి నోబెల్ 2010లో వచ్చింది గానీ ఆ రియాక్షన్లు 1970ల నాటివి. లోహం లేకుండా చిన్న ఆర్గానిక్ మాలిక్యూల్‌నే కెటలిస్ట్‌గా వాడే ఆర్గానోకెటాలిసిస్‌లో లిస్ట్, మెక్‌మిలన్‌ల పేపర్లు 2000లో వచ్చాయి, నోబెల్ 2021లో. మాలిక్యూళ్లని సులువుగా, వేగంగా అతికించే క్లిక్ కెమిస్ట్రీకి 2022లో. అంటే బహుమతి వచ్చిన ఏడాది చూసి ట్రెండ్ అక్కడ మొదలైందని రాస్తే బోర్లాపడ్డట్టే, జర్నల్‌లో అల అప్పటికే పైకి లేచి ఉంటుంది. తగ్గినవి కూడా చూడండి. 2000ల మొదట్లో అయానిక్ లిక్విడ్లు, మైక్రోవేవ్ ఓవెన్ రియాక్షన్లు జోరుగా నడిచాయి. ఆ తర్వాత ఏమయ్యాయో మీ గ్రాఫ్ చెప్పాలి. ఎవరూ రాయని అధ్యాయం సాధారణంగా అదే.

చివరగా ఒక పరీక్ష. మీ వడపోతలో "ఫోటోకెటాలిసిస్" కింద పడిన పేపర్లలోంచి ముప్ఫై యాదృచ్ఛికంగా తీసి, తెరిచి, ప్రయోగ విధానం చదవండి. నిజంగా కాంతి వాడారా, లేక ఉపోద్ఘాతంలో మాటవరసకి ఆ పదం వచ్చిందా? స్నేహితురాలి చేత కూడా విడిగా అవే ముప్ఫై చదివించి ఇద్దరి జవాబులూ పోల్చండి. ముప్ఫైలో ఎనిమిది తేడా వస్తే వడపోత మార్చాలి. ఆ అమ్మాయికి మొదటిసారి పదకొండు తేడా వచ్చింది. "సార్, మళ్లీ మొదటి నుంచా?" అంది. మొదటి నుంచి అక్కర్లేదు, ఆ మాట వెతికే చోటు మారిస్తే సరిపోయింది. టైటిల్, కీవర్డ్స్ మాత్రమే చూసి అబ్‌స్ట్రాక్ట్ వదిలేసరికి తేడా మూడుకి దిగింది.

6. రాసేటప్పుడు

ప్రతి టేబుల్ కింద డేటాబేస్ పేరు, దించిన తేదీ, వడపోత షరతులు రాయండి. పేర్లు కలిపిన పట్టికలు, థెసారస్ ఫైల్ అనుబంధంలో పెట్టండి. వోస్‌వ్యూయర్ రంగుల పటం ఒకటే వేయండి, ఆరు వేస్తే చూసేవాళ్లకి హోలీ ఆడినట్టుంటుంది. "ఈ జర్నల్ మంచిది" అని రాయకండి. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన డోరా ప్రకటన, ఒక పేపర్‌నో మనిషినో జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో తూచొద్దని గట్టిగా చెప్పింది. దాని సంగతి వైవాలో అడిగే అవకాశం ఎక్కువ.

ఆ అమ్మాయి వైవా అయ్యాక ఫోన్ చేసింది. ట్రెండ్స్ గురించి ఒక్క ప్రశ్నే వచ్చిందట. మిగతా పదిహేను నిమిషాలూ "ఈ రావు, ఆ రావు ఒక్కరేనని ఎలా తేల్చావమ్మా?" అన్నదాని మీదే నడిచిందట. తన దగ్గర పట్టిక ఉంది కాబట్టి ల్యాప్‌టాప్ తెరిచి చూపించేసింది.